పావురపు ఈకలలో జనాభా లెక్క

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చదువబడిన ఉపన్యాసము)



"పేనును పెరుమాళ్ళను చేసినట్లు" అని మన పెద్దలు చెప్పు సామెత అందరికిని తెలిసినదే. చిన్న విషయమును పెద్దది చేసి చూపువారిని గూర్చిన ఎత్తిపొడుపు అది. ఇరువదియైదేండ్లు నిండిన గ్రంథాలయపు పండుగనాడు అడవి పావురముల ఈకలలో నివసించు పేలను గూర్చి ఉపన్యాసమేమిటని ఎవరికైన తోచినచో, వారి మనస్సులో ఈ సామెతయే మెదలుచుండును. కాని పేనును పెరుమాళ్ళను చేయ నక్కరలేదు. దానిని పేనుగనే యుంచి, సరిగా లెక్కపెట్టిన చాలును. ఎన్ని యున్నవి, వానిలో పిల్ల లెన్ని, పెద్ద లెన్ని, ఆడ వెన్ని, మగ వెన్ని, ఏ పక్షిపై ఏ తావున నున్నవి అను నీ ప్రశ్నలకు సమాధానము దొరకినచో, ఒక జాతి ఎట్లు పెరుగునో, దేనిచేత అదుపులో నుండునో, ఎట్లు నశించునో కన్నులకు కట్టినట్లగును.

ఈ విషయమునకు గ్రంథాలయముతో చుట్టరికము గూడ కలదు. వానకాలమున పాత పుస్తకమును తెరచినపుడు పుటల నడుమ వెలిసిన రంగు గల సన్నని పురుగొకటి గబగబ పరుగెత్తుట పలువురు చూచియుందురు. అది ఆవగింజకంటెను చిన్నది, రెక్కలు లేనిది. చెమ్మవలన కాగితముపై పట్టు బూజును, అట్టలకు రాచిన జిగురును తిని బ్రదుకును. పక్షులమీదను, జంతువులమీదను నివసించు పేలకు ఈ పుస్తకపు పురుగు మిక్కిలి దగ్గరి జ్ఞాతి యని శరీరనిర్మాణమును బట్టియు, జన్యుపరీక్షలను బట్టియు శాస్త్రజ్ఞులు తేల్చిరి. పుస్తకపు పురుగు జాతివారు పక్షిగూళ్ళలోను కనిపింతురు. పేల పూర్వులు అట్లే గూళ్ళలో చేరి, రాలిన ఈకలను, చర్మపు పొట్టును, బూజును తినుచు, క్రమముగా పక్షి శరీరముమీదికే ఎక్కి అచ్చటనే స్థిరపడెనని పండితుల ఊహ. కావున ఈ గ్రంథాలయపు అలమరలోని చుట్టము, ఎదుటి గోపురముమీది పావురపు ఈకలోని చుట్టము, ఒక వంశమునకు చెందినవే.

మన పూర్వులు ప్రాణికోటిని జరాయుజములు, అండజములు, స్వేదజములు, ఉద్భిజ్జములు అని నాలుగు విధములుగా విభజించిరి. పేలు, నల్లులు మొదలైనవి చెమటనుండియు, వేడినుండియు పుట్టునని తలచి వానిని స్వేదజములలో చేర్చిరి. ఐరోపాఖండమునను చాలకాలము ఇట్టి అభిప్రాయమే వ్యాపించియుండెను. 1668వ సంవత్సరమున ఇటలీ దేశపు వైద్యుడు ఫ్రాంచెస్కో రెడీ పురుగుల పుట్టుకను గూర్చి ఒక గ్రంథమును ప్రకటించెను. మాంసముపై గుడ్డ కప్పి ఈగలు వ్రాలకుండ చేసినచో అందు పురుగులు పుట్టవని ఆయన ప్రయోగముచే చూపెను. పక్షుల పేల బొమ్మలును ఆ గ్రంథములో కలవు. 1758లో స్వీడను దేశీయుడు లిన్నేయస్ పావురపు పేనునకు శాస్త్రీయ నామమిచ్చి తన పట్టికలో చేర్చెను. పావురము అండజము, దానిపై బ్రదుకు పేనును అండజమే. మన స్త్రీలు తలలో చూచి "ఈపి" అని చెప్పునదే ఆ గ్రుడ్డు.

ఇక పావురము. కొండచరియలలోను, పాతకోటల గోడలలోను, దేవాలయ గోపురములలోను, పాడువడిన దిగుడుబావులలోను గూళ్ళు కట్టుకొను బూడిదవన్నె పావురమే ఇందలి పక్షి. మనుష్యులు పెంచు నానావిధములైన పావురములన్నియు ఈ యడవి పావురమునుండియే వచ్చినవని 1859లో ఛార్లెస్ డార్విన్ తన గ్రంథపు మొదటి అధ్యాయములోనే వివరించెను. ఇప్పుడీ పక్షి ప్రపంచమున దాదాపు అన్ని పట్టణములలోను ఉన్నది. అది పోయిన చోటికెల్ల దాని పేలును పోయినవి.

ఈ పావురముపై నివసించు ఈకపేలలో ముఖ్యమైనవి రెండు. ఒకటి సన్నగా, పొడుగుగా నుండును. దాని పొడవు రెండు మొదలు రెండున్నర మిల్లీమీటర్లు. ఇది రెక్కలమీదను, తోకమీదను ఉండు పెద్ద ఈకల పోగుల నడుమ ఇమిడి దాగికొనును. దీనిని రెక్కపేను అందము. శాస్త్రజ్ఞులు దీనిని కొలంబికోలా కొలంబే అందురు. రెండవది పొట్టిగా, గుండ్రముగా, ఒకటి లేక ఒకటిన్నర మిల్లీమీటరు పొడవుండి, మేని ఈకల అడుగున నుండు మెత్తని నూగులో దూరియుండును. దీనిని మేనిపేను అందము. శాస్త్రజ్ఞు లిచ్చిన పేరు కాంపనులోటిస్ కంపార్. మనుష్యుని తలపేనువలె ఇవి రక్తము పీల్చవు. ఈకల మొదట నుండు నూగును కొరికి తినును. రెక్కపేనును నివాసమునకు మాత్రమే రెక్కలో నుండి, ఆహారమునకు మేని ఈకలకే దిగివచ్చును. ఈకలో పోషకపదార్థములు తక్కువ. ఆ లోటును తీర్చుటకు కొన్ని సూక్ష్మజీవులు రెక్కపేను శరీరములోనే కాపురముండును. ఈ పేలు పావురమును విడిచి మనుష్యుని తలలో కాపురము చేయవు. కావున ఎవరును భయపడ నవసరము లేదు.

పేను బ్రదుకు మూడు దశలుగా గడచును. తల్లిపేను ఈపులను ఒక్కొక్కటిగా ఈకపోగులకు జిగురుతో అతికించును. కొన్ని దినములకు ఈపి పగిలి పిల్లపేను బయటికి వచ్చును. సీతాకోకచిలుకకువలె దీనికి గొంగళిదశ లేదు. పుట్టినది మొదలు పెద్దదాని పోలికయే. మూడుమార్లు కుబుసము విడిచి పెద్దదగును. గ్రుడ్డు పెట్టినది మొదలు, దానినుండి పుట్టిన పేను తిరిగి గ్రుడ్డు పెట్టువరకు సుమారు 24 దినములు పట్టును. అనగా సంవత్సరమునకు పదునైదు తరములు. మనుష్యులలో పదునైదు తరము లనగా మూడువందల ఏండ్లకు పైమాట. మన గ్రంథాలయమునకు ఇరువదియైదేండ్లు నిండులోపల మన కప్పుమీది పావురములపై మూడువందల డెబ్బది తరములకు పైగా పేలు పుట్టి గతించినవి.

ఈ జనాభాను లెక్కించు టెట్లు? ప్రాణముతో నున్న పక్షినైతే ఈకలను వరుసగా విప్పి, నిర్ణీతకాలములో ఎన్ని కనిపించునో చూతురు. ఒక జాతి చేమంతిపూలనుండి తీసిన పైరెత్రం అను పొడిని ఈకలలో చల్లి, దువ్వి, క్రింద పరచిన తెల్లకాగితముపై రాలిన పేలను లెక్కింతురు. చనిపోయిన పక్షినైతే సబ్బునీటిలో బాగుగ కడిగి, ఆ నీటిని సన్నని జల్లెడలో వడియగట్టి, మిగిలినదానిని సూక్ష్మదర్శినిక్రింద పరిశీలింతురు. ఈ మూడింటిలో కడుగుటయే ఎక్కువ నమ్మదగినది. ఐనను ప్రతి పద్ధతికి ఒక లోపము కలదు. పెద్దవి కంటికి తేలికగా ఆనును, చిన్నపిల్లలు తప్పించుకొనును. ఈపులు జిగురుతో అతికియుండుటచే ఎంత కడిగినను రాలవు. వానికై ఈకలను విడిగా వెదకవలసినదే. జనాభా లెక్కలకు వచ్చిన ఉద్యోగి వాకిట నిలిచి కనబడినవారిని మాత్రమే వ్రాసికొని పోయినచో, చంటిపిల్లలును, పొలమునకు పోయినవారును పట్టికలో నుండరు కదా! పేల లెక్కయు నట్టిదే.

లెక్క పూర్తియైన తరువాత మొత్తమును మాత్రము చూచి తృప్తిపడరాదు. రెండు పావురములపై సమానముగా నూరేసి పేలున్నవనుకొందము. ఒకదానిపై ఎనుబది పిల్లలు, ఇరువది పెద్దవి. రెండవదానిపై ఇరువది పిల్లలు, ఎనుబది పెద్దవి. మొత్తము ఒకటియే, అర్థము వేరు. మొదటి పక్షిమీది పేలలో పుట్టుక జోరుగా నున్నది. రెండవదానిపై పెద్దవే మిగిలి పిల్లలు కరవైనవి. అచ్చట పుట్టుక తగ్గెనో, పుట్టిన పిల్లలు నిలువకుండెనో విచారింపవలసి యుండును. ఊరి బడిలో పిల్లలెందరో, అరుగులమీద ముసలివారెందరో చూచి ఆ యూరి భవిష్యత్తును ఊహించినట్లే ఇదియును.

ఆడమగల నిష్పత్తియు అట్లే. పలు పక్షుల పేలలో మగవానికంటె ఆడవి ఎక్కువగా లెక్కకు వచ్చుట శాస్త్రజ్ఞులు గుర్తించిరి. మగవి త్వరగా చనిపోవుట దానికొక కారణమని చెప్పుదురు. రెక్కపేలలో మగదానిని గుర్తించుట సులభము: దాని మీసములు మొదట బలిసి, ఆడదానిని పట్టుకొనుటకు అనువుగ నుండును. పిల్లపేలలో ఈ భేదము పైకి తెలియదు. కావున ఈ లెక్క పెద్దవానికి మాత్రమే చెల్లును.

మరియొక విశేషము. ఒక్కొక్క పావురము ఆ పేలకు ఒక్కొక్క గ్రామము వంటిది. గుంపులోని పావురము లన్నింటిపై పేలు సమానముగ పంచబడి యుండవు. ఎక్కువ పక్షులపై కొద్దిపాటి పేలు, ఏ కొద్ది పక్షులపైననో విపరీతమైన పేలు ఉండుట సాధారణము. ఊహకొరకు ఒక లెక్క చెప్పుకొందము. పది పావురములున్నవి. తొమ్మిదింటిపై పదేసి చొప్పున తొంబది పేలు. పదవదానిపై నాలుగువందల పది. మొత్తము ఐదువందలు. సగటున పక్షికి ఏబది. కాని ఏబది పేలున్న పావురము ఆ గుంపులో ఒక్కటియు లేదు! సగటు సత్యమే, అది చెప్పు పక్షి మాత్రము లేదు. కావున ఆ గుంపు క్షేమమును తెలిసికొన గోరువారు సగటును నమ్మి ఊరకుండరాదు. ఆ పదవ పావురమునకేమి వచ్చెనో చూడవలెను.

దానికేమి వచ్చెను? తరచుగ దానికి వచ్చిన కష్టము ముక్కులో నుండును. పావురపు పైముక్కు క్రిందిముక్కుకంటె కొంచెము పొడవై, కొన కొక్కెమువలె క్రిందికి వంగియుండును. ఆ మిగులు భాగము ఒకటి రెండు మిల్లీమీటర్లకు మించదు. గింజ లేరుకొని తినుటకు దాని యవసరమే లేదు. మరి ఎందులకున్నట్లు? అమెరికాలోని యూటా విశ్వవిద్యాలయమునకు చెందిన డేల్ క్లేటన్ మొదలగువారు ఆ కొనను మెల్లగా అరగదీసి చూచిరి. పావురములు ఎప్పటివలెనే తినెను. కాని వానిపై పేలు పెచ్చుపెరిగెను. కొన తిరిగి పెరుగనిచ్చినపుడు పేలు తగ్గెను. పావురము ఈకలు సవరించుకొనునపుడు క్రిందిముక్కును సెకనునకు ముప్పదిమార్ల వరకు ముందునకు కదల్చి, పైకొనకు ఆనించి, నడుమ చిక్కిన పేనును నలిపివేయుచున్నదని వేగముగా తీసిన చలనచిత్రములలో కనిపించెను. రాలిన పేలలో కాళ్ళు తెగినవి, వీపు చీలినవి కలవు. ఈ పరిశోధన 2005లో ప్రకటింపబడెను. కొన మరీ పొడవైనచో విరిగిపోవును. మరీ పొట్టియైనచో పేను చిక్కదు. ప్రకృతి ఆ రెంటి నడుమ కొలత చూచుకొని నిలిపినది.

"పేనుకు పెత్తనమిస్తే తలంతా తెగ గొరికిందట" అని మరియొక సామెత కలదు. పావురము విషయమున అది అక్షరసత్యము. ముక్కు చక్కగానున్న పక్షి ఆ పెత్తనమును ప్రతిదినము పేలచేతినుండి లాగికొనుచునే యుండును. ముక్కు విరిగినది, వంకరపోయినది, జబ్బుచేసి ఈకలు సవరించుకొన లేనిది ఐనచో పెత్తనము పేలదగును. అప్పుడు జరుగు నష్టము కంటికి వెంటనే తెలియదు. గాయముండదు, రక్తము కారదు. అడుగునున్న నూగు మాత్రము తరుగుచుండును. నూగు పక్షికి చలికాలపు కంబళి. 1993లో ప్రకటింపబడిన ఒక పరిశోధనలో, పేలు పెరిగిన పావురములు శరీరపు వేడిని నిలుపుకొనుటకు సగటున నూటికి 8.5 వంతుల శక్తిని అధికముగా ఖర్చు చేయుచున్నవని తేలెను. ప్రతిదినము తినిన గింజలలో కొంత భాగము చిరిగిన కంబళికి అపరాధరుసుముగా చెల్లింపబడుచున్న దన్నమాట. అంతేకాక, 1990లో క్లేటన్ ప్రకటించిన మరియొక పరిశీలనలో, పేలు తక్కువగా నున్న మగపావురములనే ఆడపావురములు ఎక్కువగా వరించుట కనిపించెను. పేలపట్టియైన మగపక్షికి జత దొరకుటయే కష్టము.

పేలును చేతులు ముడుచుకొని కూర్చుండలేదు. రెక్కపేను సన్నబడి ఈకపోగుల నడుమ ఇమిడిపోవుటయు, మేనిపేను నూగులో దూరుటయు ముక్కునుండి తప్పించుకొను ఉపాయములే. ఈ ఉపాయములు ఎంత వేగముగా మారగలవో తెలిసికొనుటకు సారా బుష్, క్లేటన్ మొదలగువారు నాలుగేండ్లు శ్రమపడిరి. నాలుగేండ్లనగా పేలకు అరువది తరములు. బూడిదవన్నె పావురముల పేలను తీసి, కొన్నింటిని తెల్లపావురములపైనను, కొన్నింటిని నల్లపావురములపైనను, కొన్నింటిని బూడిదవన్నె పావురములపైనను విడిచిరి. కాలక్రమమున తెల్లపావురములమీది పేలు వెలిసిన రంగునకు తిరిగెను. నల్లవానిమీది పేలు ముదురురంగునకు తిరిగెను. వేరొక గుంపు పావురములకు ముక్కు పూర్తిగా మూసికొనకుండ చిన్న కొక్కెము తగిలించిరి. అవి తినగలవు గాని పేలను నలుపలేవు. వానిమీది పేల రంగు మారలేదు. దీనిచే రంగును మార్చినది ఈక కాదు, ముక్కు అని తేలెను. కంటి కానిన పేను చచ్చెను. కానని పేను పిల్లలను కనెను. ఈ ఫలితములు 2019లో వెలువడెను.

అదే సంవత్సరమున ప్రకటింపబడిన వేరొక ప్రయోగములో, సాధారణ పావురముల పేలను మిక్కిలి పెద్దదైన ఒక పెంపుడుజాతి పావురములపై విడిచిరి. నాలుగేండ్లలో అచ్చటి పేల శరీరమే పెద్దదయ్యెను. ఈ పెద్ద పేలను, చిన్న పావురములపై పెరిగిన పేలను తిరిగి ఒకచోట చేర్చినపుడు ఆడమగల కొలతలు పొసగక సంయోగమే కష్టమయ్యెను. ఒక తల్లి బిడ్డలే నాలుగేండ్లు వేరువేరు ఊళ్ళలో కాపురముండి, తిరిగి కలసినపుడు వియ్యమందుటకు వీలు లేనివారైరి. ఒక జాతి రెండు జాతులుగా చీలు దారిలో మొదటి యడుగు ఇట్టిదే. దీనిని గుర్తించుటకు మొత్తము లెక్క చాలలేదు. ఒక్కొక్క పేనును కొలిచి, జనాభాలో ఏ కొలతవి ఎన్ని యున్నవో పట్టిక వేయవలసి వచ్చెను.

ఒకే పావురముపై రెక్కపేను, మేనిపేను రెండును ఎట్లు కలసి బ్రదుకుచున్నవను ప్రశ్న ఇంకొకటి కలదు. ఆహారము రెంటికిని ఒకటే నూగు. పక్షి ఈకలు సవరించుకొన లేనిచోట రెండును పెరిగి పోటీపడును. ఆ పోటీలో సాధారణముగా మేనిపేనుదే పైచేయి. రెక్కపేను వెనుకబడును. ఐనను అది నశింపకుండుటకు కారణము దాని ప్రయాణశక్తి. ఈకపేలు ఎగురలేవు, దుముకలేవు. ఒక పక్షినుండి మరియొక పక్షికి చేరుటకు గూటిలో తల్లిదండ్రులనుండి పిల్లలకు ప్రాకుటయో, పక్షులు ఒకదానికొకటి తగులుటయో కావలెను. కాని పావురముల ఈకలలో తిరుగుచు వాని రక్తము పీల్చు చప్పిడి యీగ యొకటి కలదు. రెక్కపేను ఆ యీగను పట్టుకొని వ్రేలాడుచు మరియొక పావురముపైకి పోగలదు. మేనిపేను అట్లు పట్టుకొని నిలువలేదు. ఒకటి ఇంటిపట్టున బలిష్ఠుడు. మరియొకటి వలసలో నేర్పరి. ఇట్లు రెండు కులములును ఆ పావురపు దేశమున నిలిచియున్నవి.

గాలిలోని తేమయు ఈ జనాభాను శాసించును. ఈకపేలు నీరు త్రాగవు. గాలిలోని ఆవిరినుండియే తమకు కావలసిన తేమను గ్రహించును. అందుచే గాలి మిక్కిలి పొడిగానుండు ప్రదేశములలో పక్షులపై పేలు తక్కువగా నుండునని 2002లో ప్రకటింపబడిన పరిశోధనలో తేలెను. పుస్తకపు పురుగు వానకాలమున పెరిగి, ఎండలకు తగ్గుటకును కారణము చాలవరకు ఇదియే. చుట్టరికము ఇచ్చటను బయటపడినది.

ఇక ఈ విషయములో మిక్కిలి ఆలోచింపవలసిన భాగము. ఉత్తర అమెరికాలో ఒకప్పుడు వలసపావురములు కోట్లకొలదిగ నుండెడివి. అవి ఎగిరిపోవునపుడు గంటలతరబడి ఆకాశము కప్పబడెడిదట. వేటాడియు, అడవులు నరికియు మనుష్యులు వానిని రూపుమాపిరి. వానిలో కడపటిదియైన మార్తా అను ఆడపావురము సిన్సినాటి జంతుప్రదర్శనశాలలో 1914 సెప్టెంబరు 1వ తేదీన మరణించెను. 1937లో ఒక పండితుడు ఆ పావురపు రెక్కపేనును వర్ణించి, దానికి "నశించినది" అను అర్థము వచ్చు పేరు పెట్టెను. పక్షి పోయినది, దానితో పేనును పోయినదని అందరు తలచిరి. కాని 1999లో క్లేటన్, ప్రైస్ అను శాస్త్రజ్ఞులు వస్తుప్రదర్శనశాలలలోని నమూనాలను పోల్చిచూచి, అదే పేను అమెరికా పడమటి భాగమున బ్రదికియున్న వేరొక పావురముపై నున్నదని చూపిరి. చచ్చినదనుకొన్నది బ్రదికియుండెను. ఎవరో ఏనాడో సేకరించి, చీటి వ్రాసి, భద్రపరచిన నమూనాలు లేకున్నచో ఆ సత్యము బయటికి వచ్చెడిదే కాదు.

కాలిఫోర్నియా రాబందు కథ ఇట్లు సుఖాంతము కాలేదు. 1987 నాటికి ఆ జాతిలో మిగిలినవి 27 పక్షులు మాత్రమే. వానినన్నింటిని పట్టి తెచ్చి, కాపాడి, పిల్లలను పెట్టించి, మరల అడవులలో విడిచిరి. పక్షి దక్కినది. కాని పట్టి తెచ్చినపుడు శుభ్రపరచు ఉద్దేశముతో పేలమందు చల్లుటచే, ఆ రాబందుపై మాత్రమే బ్రదుకు ఒక పేనుజాతి నశించినది. మేలు చేయబోయిన చేతులే తెలియక ఒక వంశమును తుదముట్టించినవి. పేను పోయిన నేమి యని కొంద రనవచ్చును. ఆ పేను లక్షలాది సంవత్సరములనుండి ఆ పక్షితో కూడ నడచివచ్చిన చరిత్ర. ఏ పక్షి ఏ పక్షికి జ్ఞాతియో, ఏ కాలమున ఏవి విడిపోయెనో తెలిసికొనుటకు దానిమీది పేలు సాక్ష్యము చెప్పును. సాక్షి చనిపోయిన తరువాత విచారణ జరుపుట కష్టము.

దీనినుండి గ్రామవాసులు గ్రహింపదగిన దేమి? పావురములను పెంచువారు ఏ పక్షిపైనైన పేలు మిక్కుటముగా కనిపించినచో, మందుకొరకు పరుగెత్తుటకు ముందు దాని ముక్కును చూడవలెను. కొన విరిగినదా, వంకరపోయినదా, పక్షి నీరసించి ఈకలు సవరించుకొనుట మానినదా యని పరీక్షింపవలెను. పేలు ఎక్కువగుట తరచుగ జబ్బునకు కారణము కాదు, జబ్బునకు గుర్తు. అందముకొరకైనను, మరి దేనికొరకైనను ముక్కుకొనను కత్తిరింపరాదు. అది ఆ పక్షి దువ్వెన, ఆ పక్షి వైద్యుడు. ఉన్నత పాఠశాల విద్యార్థులు గోపురముక్రింద రాలిన పావురపు ఈకలను ఏరి, వెలుతురునకు పట్టి, భూతద్దముతో చూచినచో, పోగుల నడుమ అతికియున్న ఈపులు కనిపింపవచ్చును. ఎన్ని ఈకలు చూచిరో, ఎన్నింటిపై ఈపులున్నవో, ఏ నెలలో చూచిరో ఒక పుస్తకములో వ్రాసియుంచవలెను. పిదప చేతులు సబ్బుతో కడుగుకొనవలెను. ఒకనాటి లెక్క వింతగా తోచును. పదేండ్ల లెక్క శాస్త్రమగును.

గ్రంథాలయము చేయు పనియు ఇట్టిదే. ఏ పుస్తకము ఎవరు తీసికొనిరి, ఎన్నడు తిరిగి యిచ్చిరి, ఏది చిరిగినది, ఏది పోయినది అని ఇరువదియైదేండ్లుగా పద్దు పుస్తకములలో వ్రాయుచు వచ్చిన చేతులున్నవి. మొత్తము పుస్తకములు ఎన్ని యని ఊరివారు అడుగుదురు, పాలకవర్గము చెప్పును. కాని ఆ పద్దులలోనికి తొంగిచూచినవారికి, పిల్లల పుస్తకములు ఎన్ని కదలినవి, స్త్రీలు ఎందరు చేరిరి, ఏ పుస్తకములు అలమరలోనే ముసలివైనవి తెలియును. మొత్తము సంఖ్య గౌరవము కొరకు. కూర్పు తెలిసికొనుట క్షేమము కొరకు. పావురపు ఈకలోని పేల జనాభా నేర్పు పాఠము ఇంతియే. రాబోవు ఇరువదియైదేండ్లలోను ఈ గ్రంథాలయపు పద్దులు ఇదే శ్రద్ధతో వ్రాయబడుగాక!